మోత మోసే మనిషి

ఆసుపత్రి తోటలో పనిచేసేవాళ్ళంతా అతన్ని బావ అనే పిలిచేవారు. భార్య తమ్ముడు అక్కడే పనిలో ఉన్నాడు. వాడు పొద్దస్తమానం నోరారా బావా బావా అంటుంటే అది జలుబులా అందరికీ అంటుకుంది. వయసులో పెద్దవాడైన మేస్త్రి కూడా బావా అన్నాడు. చీపురక్కకి అతను వరసకి ఏమీ కాడు, అయినా ఆమెకీ బావే అయ్యాడు. అందరికీ బావ అయినవాడికి సొంత పేరుతో పనేముంది?

బావ పని ఆకులు ఊదడం. ఆసుపత్రి చుట్టూ పెద్ద చెట్లు. ఆకు రాలే కాలం అంటూ వాటికి వేరే లేదు, ఎప్పుడు చూసినా ఏదో ఒక చెట్టు రాలుస్తూనే ఉంటుంది. అంబులెన్సులు తిరిగే రోడ్డు మీద, చక్రాల కుర్చీలు ఎక్కే వాలు మీద ఆకు నిలవకూడదు. బావ పెట్రోల్ బ్లోయర్‌ని వీపుకి తగిలించుకుని, తాడు ఒక్క లాగు లాగి, గొట్టం ఊపుకుంటూ బయలుదేరితే ఆకులు గొర్రెల మందలా ముందు నడిచేవి. వెనకాల మేస్త్రీ, బావమరిదీ, చీపురక్కా వాటిని పట్టా మీదికి ఎత్తేవారు.

ఆ మిషన్ మోత సామాన్యమైనది కాదు. అది నడుస్తున్నంతసేపూ అందరూ చెవులకి డిప్పలు తగిలించుకునేవారు. పొగకీ దుమ్ముకీ ముక్కూ నోరూ గుడ్డతో కట్టుకునేవారు. మాట మీద పని జరిగే వీలు లేదు కాబట్టి అన్నీ సైగలే. చెయ్యి ఎత్తితే ఆపమని. వేలు తిప్పితే వెనక్కి తిరగమని. నెత్తి మీద చెయ్యి పెట్టుకుంటే బండి వస్తోందని, పక్కకి జరగమని. ఏళ్ళ తరబడి అలవాటై, టీ తాగేటప్పుడు పంచదార చాలలేదని చెప్పడానికి కూడా వేళ్ళే ఆడించేవారు.

బావకి చెవులు వినపడవు. ఎడమది పూర్తిగా పోయింది. కుడివైపు ఎవరైనా తలుపు దభాలున వేస్తే, వేశారని తెలుస్తుంది, అంతే. అంబులెన్సులు తిరిగే ఆవరణలో చెవి వినపడనివాణ్ణి పనిలో ఉంచకూడదని ఆసుపత్రిలో నియమం ఉంది. ఆ నియమం కింద గేటు కాపలావాణ్ణి పంపేయడం బావ కళ్ళారా చూశాడు. ఆ ముసలాయన సంచి భుజాన వేసుకుని వెళ్తుంటే, వెనక నుంచి ఎవరో పిలిచారు. తిరగలేదు. పంపేసింది ఎందుకో అందరికీ మరోసారి రుజువైంది.

పెట్రోల్ మోత చాటునే బావ ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాడు. అందరూ డిప్పలు పెట్టుకున్న చోట చెవిటివాడెవడో ఎలా తెలుస్తుంది?

ఇంట్లో భార్యకి తెలుసు. ఆమె ఎప్పుడూ ఎదురుగా నిలబడి, మాటని ముక్కలు ముక్కలుగా తుంచి చెప్పేది. ఆమె పెదాలు చూసి చూసి బావకి మాటలు చదవడం వచ్చేసింది. నేర్చుకున్నట్టు అతనికే తెలియదు. బావమరిదికి చెవుడు సంగతి తెలుసు, బావ పెదాలు చదువుతాడని తెలియదు. దగ్గరికొచ్చి అరిస్తే బావకి వినపడుతుందని వాడి నమ్మకం. చిన్నప్పుడు జ్వరంలో పోయాయని అక్క వాడికి చెప్పింది. అలా చెప్పమన్నది బావే. మిషన్ వల్ల పోయాయంటే మిషన్ లాగేసుకుంటారు.

"బయట ఎవరి దగ్గరా అనకు," అని ఆమె తమ్ముడి చేత ఒట్టు వేయించుకుంది. "బావమరిది బతక కోరతాడంటారు. నువ్వే ఆయనకి దిక్కు."

"పిచ్చిదానా, నా బావ నాకు చేదా?" అన్నాడు వాడు.

అలా ఉండగా ఆసుపత్రికి కొత్త మేడమ్ వచ్చింది. తోటా, వంటా, చాకిరీ అన్నీ ఆమె కిందికే వస్తాయి. పై అంతస్తు వార్డు కిటికీ కింద బ్లోయర్ రొద పెడుతుంటే రోగులు దిండ్లు చెవులకి అడ్డం పెట్టుకుంటున్నారని ఆమెకి ఫిర్యాదులు వచ్చాయి. ఆమె తోటవాళ్ళందరినీ పిలిచి, ఎర్ర రంగు బ్యాటరీ బ్లోయర్ ఒకటి బల్ల మీద పెట్టింది.

"కంపెనీవాళ్ళు చూడమని ఇచ్చారు. ఈ వారం రెండూ నడపండి. పెట్రోలా బ్యాటరీనా, ఏదో ఒకటే ఉంటుంది. వాడేది మీరు, తేల్చాల్సిందీ మీరే. అందరికంటే అనుభవం బావగారిదంట కదా. వారం చివర ఆయన మాటే వింటాను."

మేడమ్ కూడా బావగారనడంతో మేస్త్రి మూతి తిప్పుకుని నవ్వుకున్నాడు. బావ ఆమె పెదాల మీదినుంచి చూపు తిప్పలేదు. బ్యాటరీది వస్తే డిప్పలు పోతాయి. సైగలు పోతాయి. నలుగురూ కబుర్లు చెప్పుకుంటూ పనిచేస్తారు. వెనకనుంచి పిలుస్తారు, ఒకసారి కాకపోతే ఒకసారి మేడమే పిలుస్తుంది. సంచి భుజాన వేసుకుని గేటు దాటడం ఇక ఎంత దూరం?

బ్యాటరీది నడపడం బావమరిది వంతుకి వచ్చింది. వాడు దాన్ని చేత్తో ఎత్తి, మీట నొక్కి, ఎగిరి గంతేశాడు.

"తాడు లాగేది లేదు, నూనె కలిపేది లేదు. వీపు మీద పొయ్యి మోసేది లేదు. బావా, నీ మిషన్ అత్తగారురా బాబూ, రోజంతా సణుగుడే. ఇది కొత్త కోడలు, కిమ్మనదు!" అని బావ దగ్గరికొచ్చి అరిచాడు.

"కొత్తలో అందరు కోడళ్ళూ అంతే," అన్నాడు బావ.

ఆ మాట చీపురక్కకి నచ్చి, చీపురు కర్ర మీద వాలిపోయి నవ్వింది. ఆమె మిషన్లు రెండింటినీ సమానంగా అసహ్యించుకునే మనిషి. ఇంకా చీపురే పట్టుకుంటుంది. "ఊదితే పక్కింట్లో పడుద్ది, ఊడిస్తే చేతికొస్తుంది," అనేది.

వారం నడిమికి వాన పడింది. తడి ఆకు నేలకి అంటుకుపోయి, బ్యాటరీ బ్లోయర్ గాలికి చెవులాడించి ఊరుకుంది. బావమరిది మీట నొక్కి పట్టుకునే సరికి చార్జింగ్ కాస్తా అయిపోయింది. మళ్ళీ నిండేదాకా పని ఆగింది. బావకి లోలోపల చల్లగా అనిపించింది. వాన దేవుడిలా వచ్చిందనుకున్నాడు.

తను చెట్టు కింద కూర్చుని పెట్రోల్ మిషన్ ప్లగ్గు విప్పి తుడుస్తున్నాడు. మిగతా ముగ్గురూ పచ్చిక అవతల మెట్ల మీద కూర్చున్నారు. పొగ లేదు, దుమ్ము లేదు. మూతిగుడ్డలు జేబుల్లో ఉన్నాయి. వానకి కడిగిన ఎండ తిన్నగా వాళ్ళ మొహాల మీద పడుతోంది. పని మధ్యలో వాళ్ళ నోళ్ళు అంత దూరం నుంచి, అంత స్పష్టంగా కనిపించడం బావకి అదే మొదటిసారి.

"మా బావని చూడండి," అంటున్నాడు బావమరిది. "ప్లగ్గు తుడుస్తున్నాడు. పసిదానికి ముక్కు తుడిచినట్టు లేదూ?"

"ఊరుకోరా, పాపం," అంది చీపురక్క. పెదాలు పాపం అంటున్నాయి, బుగ్గలు నవ్వుతున్నాయి.

"ఇక్కణ్ణుంచి ఫిరంగి పేల్చినా తల ఎత్తడు. చూస్తావా?" వాడు మెడ చాచి, నోరు గుహలా తెరిచి అరిచాడు. "ఒరేయ్ చెవిటి బావా!"

బావ తల ఎత్తలేదు. ప్లగ్గు తుడుస్తూనే ఉన్నాడు. కనురెప్పల కిందినుంచి చూస్తే మేస్త్రి పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

"ఇది రోజూ ఉండేదేగా," అన్నాడు మేస్త్రి తేరుకుని. "ఇన్నేళ్ళూ ఎందుకు ఊరుకున్నాననుకున్నావు? ఆ పెట్రోల్ దయ్యాన్ని మోయమంటే మనలో ఎవడికైనా తల పగిలిపోతుంది. వాడికేం? చిన్నప్పుడే జ్వరం తినేసిందని నువ్వే చెప్తివి. అలాంటి ఎద్దు మళ్ళీ దొరుకుతుందా?"

"బ్యాటరీది రానీ. మేడమ్ చెవిన వేసేస్తా. నియమం నియమమే కదా. మిషన్ నా చేతికొస్తుంది."

"మీ అక్క ఊరుకుంటుందా?"

"అక్కా? ఆవిడే విసిగిపోయింది. ఆయన వెనకాల నిలబడి ఎన్ని మాటలంటుందో తెలుసా? పోయినా బాగుండును, పీడా వదులుతుంది అంటుంది. మళ్ళీ ముందుకొచ్చి నవ్వుతుంది. మా బావ కూడా నవ్వుతాడు."

"చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఎందుకురా కొరుకుతున్నావు అన్నాట్ట," అన్నాడు మేస్త్రి. ఈసారి చీపురక్క కూడా దాచుకోకుండా నవ్వింది.

ప, బ, మ అనే అక్షరాలు పెదాల మీద ఒక్కలాగే ఉంటాయి. అందుకని ఎవరు ఏమన్నా బావ ఒకటికి రెండుసార్లు తూచి చూసుకుని గానీ నమ్మడు. ఈసారి తూచడానికి ఏమీ లేదు. అన్నీ ముఖాల మీదే రాసి ఉన్నాయి.

అతను ప్లగ్గు బిగించాడు. తాడు లాగి, మిషన్ స్టార్ట్ చేసి, నిలబడ్డాడు. ముగ్గురూ మర్యాదగా డిప్పలు తగిలించుకుని లేచారు. బావమరిది నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, బండి వస్తోంది జాగ్రత్త అని సైగ చేశాడు. బావ పక్కకి జరిగాడు. చేతులు జోడించి దణ్ణం కూడా పెట్టాడు వాడికి, సరదాకి.

ఆ సాయంత్రం ఇంట్లో భార్య ఎదురుగా వచ్చి నిలబడింది. "అలసిపోయారా?" అంది. నవ్వింది. అతనూ నవ్వాడు. తర్వాత కావాలనే ఆమెకి వీపు పెట్టి, గాజు తలుపుల బీరువా వైపు తిరిగి కూర్చున్నాడు. గాజులో ఆమె నీడ కదులుతోంది. గిన్నెలు సర్దుతోంది. ఆమె నోరు కదులుతోంది. ఎంత కళ్ళు చికిలించినా ఏమంటోందో అందలేదు.

గిరుక్కున తిరిగి, "ఏమంటున్నావు?" అని అడిగాడు.

ఆమె ఉలిక్కిపడింది. "ఏమీ లేదండీ. ఏదో పాట."

పాటే కావచ్చు. నమ్మదలుచుకుంటే నమ్మడానికి ఆ మాట చాలు. బావ నమ్మదలుచుకోలేదు.

మంచం మీద పడుకుని కళ్ళు తెరుచుకునే ఆలోచించాడు. బ్యాటరీది వస్తే తన పని పోతుంది. పెట్రోల్‌దే ఉన్నా, బావమరిది నోరు ఒకటి ఉంది. ఈ రోజు కాకపోతే రేపు, ఏదో ఒక గొడవలో, మేడమ్‌కి చెప్పనే చెబుతాడు. మిషన్ ఉంటే చాలదు. వాడి నోరు కూడా కట్టాలి. చెబితే వాడి పీకకే చుట్టుకునేట్టు కట్టాలి. ఆ దారి కనపడేసరికి అతనికి నిద్ర పట్టింది. హాయిగా పట్టింది.

వారం చివర మేడమ్ తోటలోకి వచ్చింది. వాలు దగ్గర అందరూ నిలబడ్డారు.

"చెప్పండి బావగారూ."

"తడి ఆకుకి బ్యాటరీది చాలదు మేడమ్. వాలు మీద ఆకు అంటుకుపోతే కుర్చీ జారుతుంది."

"కానీ మోతకి రోగులు..." అంటూ ఆమె పై కిటికీల వైపు తల తిప్పింది. తిప్పి, ఇంకా ఏదో చెబుతూనే ఉంది. బావకి ఆమె జడ తప్ప ఏమీ కనపడలేదు. మాట ఆగింది. ఆమె ఇంకా కిటికీలే చూస్తూ జవాబు కోసం నిలబడింది. అడిగినదేమిటో అతనికి తెలియదు. బావమరిది చేతులు కట్టుకుని అతన్నే చూస్తున్నాడు, గోడ మీద పిల్లి ఎటు దూకుతుందా అని చూసే కుర్రాడిలా.

బావ వంగి, తాడు లాగాడు. మిషన్ బొబ్బ పెట్టింది. మేడమ్ ఉలిక్కిపడి చెవులు మూసుకుని ఇటు తిరిగింది. బావ ఆమెకి చేత్తో చూపించి, వాలు మీద తడిసి ముద్దయిన ఆకుల దొంతర మీదికి గొట్టం తిప్పాడు. చాప చుట్టినట్టు ఆకు చుట్టుకుని లేచిపోయింది. కింద రాయి తళతళలాడింది. మిషన్ ఆపి, ఆమె మొహంలోకి చూసి అన్నాడు.

"మోత చెవులు మూసుకుంటే పోతుంది మేడమ్. జారిపడినవాడి తుంటి ఎముక ఏది మూసుకుంటే అతుక్కుంటుంది?"

ఆమె ఆలోచించింది. డాక్టర్లు వార్డులు చూసి వెళ్ళాక, భోజనాల వేళ దాటకముందు మాత్రమే మిషన్ నడపాలని షరతు పెట్టి, సరే అంది. పెట్రోల్ మిషన్ ఉండిపోయింది. బ్యాటరీది డబ్బాలో పెట్టి వెనక్కి పంపేయమంది.

బావమరిది మొహం చిన్నబోయింది. బావ దాన్ని తీరుబడిగా చూశాడు.

"ఇంకొక్క మనవి మేడమ్. నా నడుం అరిగిపోయింది. మిషన్ ఇక మా బావమరిదికి ఇప్పించండి. కుర్రాడు, చురుకైనవాడు. నేను పక్కనే ఉండి నేర్పుతాను. నేను పట్టా మోస్తాను."

"మంచిమాట," అంది మేడమ్. "చేతిలో ఉన్న పనిని ఇంకొకరికి ఇచ్చేవాళ్ళని నేను చూడలేదు. నీ అదృష్టం బాబూ, ఇలాంటి బావ ఉండడం."

బావమరిదికి కావలసింది కిమ్మనని కోడలు, దొరికింది సణిగే అత్తగారు. అయినా ఇక తోటలో మిషన్ మనిషి వాడే. మేస్త్రి బావ వంక ఒక రకంగా చూశాడు. ఏదో తేడాగా తోచినట్టుంది. ఎవరు మోసినా ఆయనకి ఒకటే, తను మోయనంతకాలం.

ఇంటికొచ్చి చెబితే భార్య కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "వాణ్ణి ఒక దారిలో పెట్టారు," అని ఎదురుగా నిలబడి, ముక్కలు ముక్కలుగా తుంచి చెప్పింది.

మర్నాడు నేర్పడం మొదలైంది. బావ మంచి గురువు. పెట్రోల్‌లో నూనె ఎంత కలపాలో, పట్టీలు భుజం కోయకుండా ఎలా బిగించాలో, గాలికి ఎదురు వెళ్ళకుండా దాన్ని పక్కనుంచి ఎలా వాడుకోవాలో ఓపిగ్గా చూపించాడు. వాడు డిప్పలు తగిలించుకోబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఇవి వెనకాల ఏరుకునేవాళ్ళకి. మిషన్ మోసేవాడికి కాదు. ఇంజన్ గొంతు వినాలి నువ్వు. సన్నగా కూస్తోందంటే పెట్రోల్ అందట్లేదు. బొంగురుపోయిందంటే నూనె ఎక్కువైంది. డిప్పలు పెట్టుకుంటే ఏం వింటావు?"

"నువ్వెలా వినేవాడివి బావా?" అని వాడు కన్ను గీటాడు. వెనక మేస్త్రీ, చీపురక్కా నవ్వారు.

"నాకు చెవులు లేక, డిప్పలు ఉన్నా లేకున్నా వీపుతోనే వినేవాణ్ణి. వీపు అదిరితే తెలిసేది. అందుకే నడుం పోయింది. నీకు భగవంతుడు నిక్షేపంలాంటి చెవులిచ్చాడు, వాడుకో. డిప్పలు పెట్టుకునేవాడు ఆపరేటరా, ముసుగేసుకున్న పెళ్ళికూతురా?"

మొదటిసారి అతను తన చెవుల మాట తనే ఎత్తాడు. అందరూ ఒక్క క్షణం గతుక్కుమన్నారు. ఆ గతుక్కులో, అతను చెప్పిన మిగతా మాట ప్రశ్న లేకుండా జారిపోయింది. పెళ్ళికూతురన్న మాట మాత్రం మేస్త్రికి నచ్చింది. ఆ రోజంతా వాణ్ణి పెళ్ళికూతురా అనే పిలిచాడు. సాయంత్రానికి వాడు డిప్పలు మేకుకి తగిలించి, మళ్ళీ ముట్టుకోలేదు.

"చెవులు గింగురుమంటున్నాయి బావా," అన్నాడు కొన్నాళ్ళకి.

"మొదట్లో అంతే. అలవాటైపోతుంది."

అందులో అబద్ధం లేదు. అలవాటైపోతుంది. బావకి ఆ మిషన్ నేర్పిన పాతకాలపు ఆపరేటర్ కూడా సరిగ్గా ఆ మాటే అన్నాడు, డిప్పలు తీయించి, ఇంజన్ గొంతు వినమని. బావ విన్నాడు. పెళ్ళయిన కొత్తల్లో మొదలైన గింగురు ఏళ్ళు గడిచేకొద్దీ కూతైంది, కూత తగ్గేసరికి దాని వెనక ఏమీ మిగల్లేదు. నేర్పినవాడి తప్పు కాదది. ఆయనకి తెలియదు.

బావ మళ్ళీ డిప్పలు పెట్టుకుని, మూతిగుడ్డ కట్టుకుని, పట్టా మోస్తూ వెనక నడిచాడు. ముందు బావమరిది వెళ్తుంటే వాడి మెడనీ, వాడి రెండు చెవుల్నీ చూస్తూ నడిచాడు. ఎప్పుడైనా ఒకసారి, వాన వెలిసిన పూట, వాడు ఈల వేసుకుంటూ మిషన్ ఎత్తుకుంటుంటే, మేకుకి ఉన్న డిప్పలు తీసి ఇచ్చేద్దామా అనిపించేది. ఒకసారి తీశాడు కూడా. అదే సమయానికి వాడు చీపురక్క వైపు తిరిగి, బావని చూపిస్తూ ఏదో అన్నాడు. ఏమన్నాడో కనపడలేదు. చీపురక్క నవ్వడం కనపడింది. బావ డిప్పలు మళ్ళీ మేకుకే తగిలించాడు.

చెట్లు రాల్చాయి, చిగిర్చాయి, మళ్ళీ రాల్చాయి. బావమరిది గొంతు పెద్దదైంది. టీ దగ్గర పక్కవాడితో కూడా అవతలి గట్టు మీదివాడితో మాట్లాడినట్టు మాట్లాడేవాడు. పిలిస్తే రెండోసారికి గానీ తిరిగేవాడు కాదు. ఒకరోజు మెట్ల మీద మేస్త్రి, కప్పు పెదాల దగ్గరనుంచి దించి, చీపురక్కతో అనడం బావ చూశాడు.

"ఇంకో చెవిటి బావ తయారవుతున్నాడే! ఇదేం జ్వరమో, ఆ ఇంట్లోనే తిరుగుతోంది."

"మనకెందుకు," అంది చీపురక్క. "మిషన్ మోస్తున్నాడు కదా."

బావమరిది వాళ్ళ పక్కనే కూర్చుని ఉన్నాడు. వాడికి వినపడలేదు. వాళ్ళు నవ్వుతున్నారని వాడూ నవ్వాడు.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం వాడు అక్క ఇంటికి వచ్చాడు. వంటింట్లో బల్ల దగ్గర కూర్చున్నాడు. బావ కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. వాడు బల్ల మీద వేలితో చారలు గీస్తూ అన్నాడు.

"అక్కా, చెవిలో కూత ఆగట్లేదే. పడుకుంటే మరీ ఎక్కువ. పాపాయి ఏడుస్తున్నా లేవట్లేదని మీ మరదలు కొట్టినంత పని చేసింది. పక్కలోనే ఉంది పాపాయి. నాకు తెలియలేదు."

భార్య చేతిలో గరిటె ఆగిపోయింది. ఆమెకి ఆ కూత తెలుసు. మొదట గింగురు, తర్వాత కూత, తర్వాత ఎదురుగా నిలబడి మాటలు తుంచడం. వరస అంతా ఆమెకి కంఠతా వచ్చు.

"చెవులకి పెట్టుకునేవి పెట్టుకోవట్లేదా?"

"ఏంటీ?"

ఆమె దగ్గరికి జరిగి మళ్ళీ అడిగింది.

"బావే వద్దన్నాడు. ఇంజన్ వినాలంట. పెట్టుకుంటే పెళ్ళికూతురంటారంట." వాడు నవ్వబోయాడు. "చిన్నప్పటి జ్వరాలు ఇన్నేళ్ళకి కూడా పట్టుకుంటాయా అక్కా? నాకూ ఏమైనా వచ్చిందేమో చిన్నప్పుడు. అమ్మ ఏమైనా చెప్పిందా నీకు?"

ఆమె భర్త వైపు తిరిగింది. అలవాటు చొప్పున ఎదురుగా వచ్చి నిలబడింది.

"మీరే వద్దన్నారా?"

"అవును."

"తెలిసీనా?"

బావ ఆమె పెదాలనుంచి కళ్ళు తిప్పలేదు. "వాడు మేడమ్‌కి చెప్పేసి నా మిషన్ లాక్కుందామనుకున్నాడు. ఒట్టు తప్పి, ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని అందరికీ చాటాడు. ఇక చెప్పలేడు. నా గురించి చెబితే వాణ్ణీ పరీక్ష చేస్తారు. ఇద్దరం ఒకే గేటు దాటాలి."

"ఏమంటున్నాడు?" అని బావమరిది అడిగాడు. అంతా వాడి ముందే, అదే గదిలో జరిగింది.

ఎవరూ వాడికి చెప్పలేదు.

"ఇంకోటి కూడా తెలుసు నాకు," అన్నాడు బావ. "నా వెనకాల నువ్వేమంటావో. పోయినా బాగుండునని."

ఆమె కాదంటుందని అతను ఎదురుచూశాడు. కాదంటే నమ్మకూడదని కూడా అనుకుని ఉన్నాడు. ఆమె కాదనలేదు.

"అన్నాను," అంది. మాటని తుంచలేదు, నెమ్మది చెయ్యలేదు. అందుకోవడానికి అతను కళ్ళతో పరుగెత్తాల్సి వచ్చింది. "ఒళ్ళు హూనమైన రోజున అన్నాను. ముందు అనలేక వెనక అన్నాను. పొద్దున్నే లేచి మీ ఎదురుగా నిలబడ్డాను. ఎన్నేళ్ళు నిలబడ్డానో అది మీకెవరూ చెప్పలేదా? మెట్ల మీద కూర్చుని అదెవరూ అనలేదా?"

బావ ఏదో అనబోయాడు. ఆమె అప్పటికే అటు తిరిగిపోయింది.

ఆమె తమ్ముడి పక్కన బల్ల మీద కూర్చుంది. వాడి తల రెండు చేతులతో పట్టుకుని, చెవి దగ్గర నోరు పెట్టి చెప్పడం మొదలుపెట్టింది. బావకి వాడి తల వెనక భాగం, ఆమె కదిలే దవడ కనపడుతున్నాయి, పెదాలు కనపడట్లేదు. అతను కుర్చీ కాస్త పక్కకి జరుపుకున్నాడు. ఆమె చూసింది. భుజం అడ్డంగా తిప్పుకుంది. అతను లేచి కుర్చీని గోడ దాకా లాక్కెళ్ళాడు. ఆమె తమ్ముడి తలతో సహా అటు తిరిగింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, చెబుతూనే ఉంది.

బావమరిది మధ్యలో ఒకసారి తల ఎత్తి బావని చూశాడు. వాడికి అర్థమైందో లేదో ఆ మొహంలో తెలియలేదు. వాడు మళ్ళీ చెవి అక్కకి అప్పగించాడు.

బావ కుర్చీ చేతుల్లో పట్టుకుని గది మధ్యలో నిలబడిపోయాడు, ఎక్కడ వేసుకోవాలో చూసుకుంటూ.